మీ ప్రశ్న – మా జవాబు: నది పక్కన పాత రైలు దారిలో

ప్రశ్న: జూన్‌లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ పాత రైలు దారిని సైకిళ్లకు, నడకకు బాగు చేశారట, ఒక రోజు తీసుకెళ్తానంటున్నాడు. నాకు 62. రోజూ కాలవ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. మావారు సైకిల్ ముట్టి ముప్పై ఏళ్లయింది, అయినా ‘మర్చిపోయే విద్య కాదు’ అంటున్నారు. అంతా కొండ ప్రాంతమని విన్నాక టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిక్షేపంగా వెళ్లండమ్మా. మీవాడు చెప్పింది గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ గురించి అయ్యుంటుంది, అక్కడివాళ్లు గ్యాప్ అంటారు. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్లు, అంటే 240 కిలోమీటర్లు. చుట్టూ కొండలే, కానీ గూడ్సు బళ్లు నిటారు ఎత్తు ఎక్కలేవు కదా, అందుకని ఆ రోజుల్లోనే కొండ అడ్డొస్తే తొలిచేసి, లోయ వస్తే వంతెన కట్టి, మిగతా చోట్ల నది పక్కనుంచే లైను వేసుకుపోయారు, ఆ పుణ్యమే ఇప్పుడు మన మోకాళ్లకు దక్కింది. పట్టాలు పీకేసిన చోట సున్నపురాతి పొడి పరిచి దిమ్మిస కొట్టారు, టైరు కింద సన్నగా కరకరమంటుంది. మోటారు బళ్లు రావు, టికెట్టూ లేదు.

మీకైతే ఒహాయోపైల్ అనే ఊరి నుంచి మొదలుపెట్టమంటాను, పిట్స్‌బర్గ్ నుంచి కారులో గంటన్నర. సైకిళ్లు అద్దెకిస్తారు, ఊళ్లోనే జలపాతం ఉంది. అక్కడి నది పేరు రాసేటప్పుడు భయపెడుతుంది గానీ పలికితే యాకగేనీ, ముద్దుగా ‘యాక్’. నది వెంబడే 11 మైళ్లు పైకి వెళ్తే కాన్‌ఫ్లుయెన్స్ అనే చిన్న ఊరు. పేరుకు తగ్గట్టే సంగమం, యాకగేనీలో కాసెల్‌మన్ నది, లారెల్ హిల్ వాగు వచ్చి కలుస్తాయి. ఎటు వెళ్లాలో తేలకపోతే నీళ్ల వంక చూడండి, ముందు నీటికి ఎదురుగా వెళ్లండి. వాలు కంటికి తెలియదు గానీ తొడలకు తెలుస్తుంది, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు అది మీ వైపు ఉండాలి.

మీరు మొత్తం నడవక్కర్లేదు. ఊరి చివర వంతెన దాటి గంటసేపు చెట్ల నీడన నడిచి, వెనక్కి వచ్చేయండి. వెళ్లినంతా మళ్లీ నడవాలన్న సంగతి వెళ్లేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. నేనూ మొదటిసారి మాటల్లో పడి ఆరు మైళ్లు వెళ్లిపోయాను, మధ్యలో కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, సీసాలో నీళ్లు లేవు. పులిహోర ఏమైనా కట్టుకెళ్లండి, ఊళ్లోనే నీళ్లు నింపుకోండి.

ఇక మీవారి సంగతి, ఆయనకు రెండు మాటలు. విద్య మర్చిపోరు, నిజమే, కానీ బ్రేకులు తారుమారవుతాయి: మన సైకిళ్లకు మామూలుగా కుడి బ్రేకు ముందు చక్రానిది, అక్కడ ఎడమది. అలవాటు కొద్దీ గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీద నుంచి బోర్లా పడతారు, కాబట్టి ముందు పార్కింగ్ స్థలంలో నాలుగు రౌండ్లు తిరగమనండి. రెండోది సీటు. దారి చదునుగా ఉండటంతో తొక్కుతూనే ఉండాలి, ఎక్కడా దిగాల్సిన పని ఉండదు, గంట తర్వాత కూర్చోలేరు. ప్రతి రెండు మైళ్లకూ దిగి నిలబడమనండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

అందరూ కుడి పక్కనే నడవాలి, మనకేమో కాళ్లు ఎడమకే లాగుతాయి. వెనక నుంచి ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని కేక వినబడితే ఎడమకి జరగమని కాదు, మీ ఎడమ పక్కనుంచి దాటుతున్నానని. మన నలుగురూ అడ్డంగా పరుచుకుని కబుర్లు చెప్పుకుంటూ నడిచే అలవాటు అక్కడ పనికిరాదు. మీరు కూడా సైకిల్ ఎక్కేట్టయితే చీర వద్దు, చున్నీ కూడా బిగించి కట్టుకోండి, చైన్‌లో పడుతుంది.

ప్రశ్న: ఇక్కడే చదువుతున్నాను. క్రిస్మస్ సెలవుల్లో నలుగురం కలిసి గ్యాప్ మొత్తం తొక్కాలని ప్లాన్. ఎన్ని రోజులు పడుతుంది? – ఒక విద్యార్థి, పిట్స్‌బర్గ్

జవాబు: ఆ సెలవుల్లో వద్దు తమ్ముడూ. కంబర్లాండ్ వైపు బిగ్ సావేజ్ అనే సొరంగం ఉంది, దాదాపు 3,300 అడుగుల పొడవు, చలికాలం తలుపులు మూసేస్తారు, ఏప్రిల్‌లో గానీ తెరవరు. చుట్టూ తిరిగి వెళ్దామంటే కొండ రోడ్డు, కార్లు. మే నెలలోనో ఆకులు రంగు మారే అక్టోబర్‌లోనో పెట్టుకోండి. రోజుకి 35, 40 మైళ్ల చొప్పున నాలుగు రోజులు హాయిగా సరిపోతుంది.

పిట్స్‌బర్గ్ నుంచే బయల్దేరండి. దాదాపు 125 మైళ్ల పాటు నెమ్మదిగా ఎక్కి 2,392 అడుగుల దగ్గర శిఖరం చేరతారు, అక్కడి నుంచి చివరి 24 మైళ్లు దిగుడే. అటునుంచి వస్తే మొదటిరోజే ఆ 24 మైళ్లూ ఎక్కుడు, ప్లాన్ వేసినవాణ్ని మిగతా ముగ్గురూ తిడతారు. సొరంగంలో లైట్లున్నా సైకిల్‌కి ఒక లైటు పెట్టుకోండి, ఎండాకాలంలో కూడా లోపల చలేస్తుంది. తిరుగు ప్రయాణానికి కంబర్లాండ్‌లో ఆమ్‌ట్రాక్ రైలు ఆగుతుంది, సైకిల్‌కి విడిగా రిజర్వేషన్ చేయించాలి, ఆ చోట్లు కొన్నే. నాలుగూ దొరికాకే రూములు బుక్ చేయండి.