చెయ్యి కుదిరింది, ఇక బొమ్మ చెయ్యడం నేర్చుకోనివ్వండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. రెండేళ్లుగా బొటనవేలంత బొమ్మలు తెప్పించుకుని రంగులు వేస్తున్నాడు. ఈమధ్య బెంగళూరు నుంచి ఎవరో ఇరవై బొమ్మలు పంపి, రంగులు వేసినందుకు ఎనిమిది వేలు ఇచ్చారు. ఇరవై రోజులు రోజూ రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నాడు. అప్పటినుంచి ఇంజనీరింగ్ వద్దు, ఇంగ్లండ్‌లో దీనికి స్టూడియోలున్నాయి, నా కెరీర్ ఇదే అంటున్నాడు. వాళ్ల నాన్నగారికి కోపం, నాకు టెన్షన్. ఇప్పుడు ఇంట్లోనే బొమ్మలు ప్రింట్ చేసే రెజిన్ ప్రింటర్ కొనమంటున్నాడు. ఇది నిజంగా ఉద్యోగమేనా? ఫొటోలు పంపుతున్నాను, చూసి చెప్పండి.
ఒక తల్లి, రాజమహేంద్రవరం

అమ్మా, ముందు ఫొటోల సంగతి చెప్తాను. ఇరవై బొమ్మల్నీ వరసగా నిలబెట్టి తీసిన ఫొటో ఉంది కదా, దాన్ని పెద్దది చేసుకుని మొదటి బొమ్మ కళ్లూ చివరి బొమ్మ కళ్లూ మార్చి మార్చి చూశాను. 28 మిల్లీమీటర్ల బొమ్మ అది, ముఖం బియ్యపు గింజకంటే చిన్నది, అందులో కంటి తెలుపు, దాని మధ్య నల్లచుక్క, పైరెప్ప కింద సన్నటి నీడగీత. ఇరవయ్యో బొమ్మలో కూడా ఆ గీత వణకలేదు. ఒక బొమ్మ అందంగా వేసేవాళ్లు చాలామంది దొరుకుతారు, అదే యూనిఫాం ఇరవైసార్లు వేసి ఇరవయ్యోసారి కూడా మొదటిసారి అంత శ్రద్ధగా వేసేవాళ్లు తక్కువ. మీ అబ్బాయి చెయ్యి కుదిరిందమ్మా, అందులో నాకు అనుమానం లేదు.

అదే ఫొటోలో ఇంకొకటి కూడా కనిపించింది. ఆరేడు బొమ్మలకి ఎడమ భుజం మీదుగా వెంట్రుకలా ఒక గీత ఉంది. అచ్చులో రెండు సగాలు కలిసేచోట పడే గీత అది, మోల్డ్ లైన్ అంటారు. రంగు వెయ్యకముందే కత్తి వెనకవైపుతో నెమ్మదిగా గీకేస్తే పోతుంది, బొమ్మకి ఐదు నిమిషాల పని. గీకకుండా పైన ఎంత బాగా వేసినా రంగు ఆ గట్టుమీద పట్టుకుని ఇంకా ఎత్తి చూపిస్తుంది. రంగు వెయ్యాలన్న తొందరలో వదిలేసి ఉంటాడు. ఈ పని తెలిసినవాళ్ల కన్ను ముందు దానిమీదే పడుతుంది, కాబట్టి ఈ మాట అతనికి తప్పకుండా చెప్పండి, నేను చెప్పానని చెప్పండి.

ఇక ఇది ఉద్యోగమేనా అంటే, అవును. అతను చెప్తున్న ఇంగ్లండ్ స్టూడియో నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ అయ్యుంటుంది. 1975లో ముగ్గురు స్నేహితులు లండన్‌లో చెక్క బోర్డు గేములు చేసి అమ్ముతూ మొదలుపెట్టారు, 1983లో వార్‌హ్యామర్, 1987లో వార్‌హ్యామర్ 40,000 అనే ఆటలు తెచ్చారు, ఆ ఆటలకి కావలసిన సైన్యాలు ఈ చిన్న బొమ్మలే. 2024 డిసెంబర్‌లో ఆ కంపెనీ లండన్ స్టాక్ మార్కెట్ తొలి వంద కంపెనీల సూచీలోకి వెళ్లింది. ఇది పిల్లలాట అని వాళ్ల నాన్నగారు అన్నప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పండి. గోల్డెన్ డెమన్ అనే పేరు అతని నోట మీరు వినే ఉంటారు, అది వాళ్లు 1987లో మొదలుపెట్టిన రంగుల పోటీ. ఆటతో సంబంధం లేకుండా అల్మరాలో పెట్టుకోవడానికే కొనే 75 మిల్లీమీటర్ల బొమ్మలు, ఛాతీ వరకే ఉండే బస్టులు చేసే స్టూడియోలు వేరే ఉన్నాయి, స్పెయిన్‌లో ఆండ్రియా, ఇటలీలో పెగాసో లాంటివి. అతని బల్లమీద ఉన్న చుక్కచుక్కగా పడే మూతల రంగు సీసాలు వయెహో వాళ్లవి, అదీ స్పెయిన్ కంపెనీయే.

అయితే అతను ఒకటి సరిగ్గా చూసుకోలేదు. ఇందులో రెండు పనులున్నాయి, బొమ్మ చెయ్యడం ఒకటి, బొమ్మకి రంగు వెయ్యడం ఇంకొకటి. ఒక బొమ్మని శిల్పి చేస్తాడు, దానికి అచ్చు తీస్తారు, ఆ అచ్చులోంచి వేల బొమ్మలు వస్తాయి, అవన్నీ రంగు లేకుండానే పెట్టెలో పెట్టి అమ్ముతారు, కొన్నవాళ్లే రంగు వేసుకుంటారు. స్టూడియోకి రంగు వేసిన బొమ్మ కావలసింది ప్రధానంగా పెట్టెమీద ఫొటో కోసం, దాన్నే బాక్స్ ఆర్ట్ అంటారు. అంటే రంగులవాళ్లకి స్టూడియోలో ఉండే కుర్చీలు చాలా తక్కువ, ఆ కుర్చీలకోసం యూరప్ అంతా పోటీ, మనవాళ్లకి దానిమీద వీసా కూడా. మిగతావాళ్లంతా మీ అబ్బాయి చేసినట్టే కమిషన్ పని చేస్తారు, బొమ్మకి ఇంత అని.

ఆ కమిషన్ లెక్క కూర్చుని వెయ్యండి. ఇరవై రాత్రులు, రాత్రికి నాలుగు గంటలు, మొత్తం 80 గంటలు. ఎనిమిది వేలని ఎనభైతో భాగిస్తే గంటకి వంద రూపాయలు, అందులోంచే రంగులూ బ్రష్షులూ కరెంటూ. పదిహేడేళ్లకి మొదటి సంపాదన, నేనైతే గర్వపడతాను. కానీ ఇరవై ఏడేళ్లకి ఇదే లెక్కమీద ఇల్లు నడవదు. రేటు పెంచొచ్చు, పేరొస్తే బాగానే పెరుగుతుంది, గంటలు మాత్రం పెరగవు, కళ్లూ మెడా అంతకంటే ఎక్కువ సహించవు. ఒక బొమ్మకి వేసిన రంగు ఆ ఒక్క బొమ్మకే చెల్లుతుంది, చేసిన బొమ్మ మాత్రం అచ్చులోంచి ఎన్నిసార్లు వచ్చినా ఆ శిల్పి పనే. నేను చెప్పదలచుకున్నది ఇదే. రంగులవాడి ఉద్యోగాన్ని గురిగా పెట్టుకోవద్దనండి, బొమ్మ చెయ్యడాన్ని గురిగా పెట్టుకుని రంగులు వదలొద్దనండి.

బొమ్మ చెయ్యడం ఒకప్పుడు పూర్తిగా చేతి పని. తీగని మనిషి ఆకారంలో వంచి, పసుపు పట్టీ నీలం పట్టీ కలిపి పిసికితే ఆకుపచ్చగా మారే ఎపాక్సీ ముద్ద ఒకటుంది, గ్రీన్ స్టఫ్ అంటారు, అది గట్టిపడేలోపల సూదిలాంటి పనిముట్లతో ముఖం, వేళ్లు, చొక్కా ముడతలు తియ్యాలి. ఇప్పుడు చాలావరకు కంప్యూటర్లోనే, జీబ్రష్ అనే సాఫ్ట్‌వేర్ మీదో, ఉచితంగా దొరికే బ్లెండర్ మీదో. దీనివల్ల మనకి జరిగిన మేలు ఏంటంటే, శిల్పి నాటింగ్‌హామ్‌లో ఉండాల్సిన పనిలేదు. నెలకి కొన్ని కొత్త బొమ్మల ఫైళ్లు విడుదల చేస్తూ, చందాదారులు వాటిని ఇంట్లో ప్రింట్ చేసుకునేలా నడిచే చిన్న స్టూడియోలు చాలా వచ్చాయి, వాళ్లు ఏ దేశంలో శిల్పి దొరికితే ఆ దేశంలో పని ఇస్తారు. ఒకవేళ బొమ్మల దారి కుదరకపోయినా, హైదరాబాద్‌లో గేములు, యానిమేషన్, వీఎఫ్ఎక్స్ చేసే స్టూడియోలకి కావలసింది కూడా ఇదే విద్య.

సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే శిల్పం వచ్చినట్టు కాదని మాత్రం గట్టిగా చెప్పండి. బొమ్మలు చేసే పెర్రీ అన్నదమ్ముల్లో మైకేల్ పెర్రీ, పాతకాలపు యుద్ధాన్ని ఆడి చూపించే కార్యక్రమంలో ఫిరంగి ప్రమాదం జరిగి కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. తర్వాత ఎడమచేత్తో మళ్లీ నేర్చుకుని బొమ్మలు చేశాడు. బరువు ఏ కాలిమీద ఉంటే నడుము ఎటు వాలుతుందో, భుజం ఎత్తితే మెడ కండరం ఎలా లాగుతుందో అతని కళ్లకి తెలుసు కాబట్టి చెయ్యి మారినా విద్య పోలేదు. మీ అబ్బాయి నేర్చుకోవలసింది అది. మీకు దగ్గర్లోనే కోనసీమ కొత్తపేటలో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పశాలలున్నాయి, సెలవుల్లో నెల రోజులు మట్టి పిసకడానికి పంపించగలరేమో అడిగి చూడండి. మీ ఊళ్లోనే దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. 28 ఏళ్లు నిండకుండానే 1925లో వెళ్లిపోయిన ఆ మహానుభావుడు మన మనుషుల ఒంటిరంగుని ఎలా చూశాడో ఒక పూటంతా కూర్చుని చూడమనండి. యూట్యూబ్‌లో నేర్పే ఒంటిరంగు దాదాపు అంతా తెల్లవాళ్లదే.

కొండపల్లి కూడా తీసుకెళ్లండి, ఇది నా సొంత కోరిక అనుకోండి. తెల్ల పొణికి కర్రతో చేతులు, కాళ్లు, ఒళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అతుకులు నున్నగా పూడ్చి, సున్నం పూత పూసి, అది ఆరాకే రంగు వేస్తారు. మీ అబ్బాయి చేసేది కూడా అచ్చంగా ఇదే వరస, ముక్కలు అతకడం, పుట్టీతో పూడ్చడం, ప్రైమర్ కొట్టడం, అప్పుడు రంగు. భుజం దగ్గర అతుకు కనబడకుండా అక్కడివాళ్లు వేలితో మక్కు ఎలా పడతారో అతను కళ్లారా చూడాలి.

ఇంజనీరింగ్ మాటకొస్తే, ఈ ఏడాది ఇంటర్ పూర్తిచెయ్యాలి, ఈఏపీసెట్ రాయాలి, అందులో బేరం లేదు. దాంతోపాటు కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కోసం ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయించండి, హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ అనే ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో మన ఆంధ్ర పిల్లలకి అవకాశం ఉందేమో కనుక్కుని, ఉంటే దాని ప్రవేశ పరీక్ష ఎఫ్ఏడీఈఈ కూడా. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ కూడా చూడండి. కోర్సు పేరు బీఎఫ్ఏ, అంటే లలితకళల డిగ్రీ, నాలుగేళ్లు, సీటు వస్తే శిల్పం బ్రాంచి అడగమనండి, అది దొరక్కపోతేనే పెయింటింగ్. వాళ్ల నాన్నగారు ఎంతకీ ఒప్పుకోకపోతే మెకానికల్ చదివించండి, కంప్యూటర్ సైన్స్ కాదు. ప్లాస్టిక్ బొమ్మకి ఉక్కు అచ్చు కావాలి, ఆ అచ్చు తయారీ ఒక పెద్ద విద్య, హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) నేర్పేది అదే. ఏ కోణంలో బొమ్మని ముక్కలు చేస్తే అచ్చులోంచి చిక్కుకోకుండా బయటికొస్తుందో తెలిసిన శిల్పి ఏ స్టూడియోకైనా కావాలి.

ముందు చదువు, తర్వాత హాబీగా చేసుకో అని నేను చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆరేళ్ల క్రితం మట్టిబొమ్మలు చేసే ఒక అమ్మాయికి అలాగే చెప్పాను. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో ఆ పిల్ల ఒక్క బొమ్మ చెయ్యలేదు, తర్వాత మొదలుపెట్టబోతే చెయ్యి రాలేదని ఫోన్ చేసి ఏడ్చింది. తప్పు నాది. అందుకని ఏ కోర్సులో చేరినా వారానికి ఒక తల చెయ్యాలన్న షరతు పెట్టండి, ఒంటిమీద బట్టలూ ఆయుధాలూ ఏమీ వద్దు, ఒక్క తల, బ్లెండర్‌లో, చూసి చెయ్యడానికి ఇంట్లోవాళ్ల ముఖాలే పెట్టుకుని. ఆరు నెలలకి పాతిక తలలవుతాయి. మొదటిదానికీ ఇరవై ఐదోదానికీ తేడా మీ కంటికే కనబడాలి. కనబడకపోతే, లేదా పది తలలకే విసుగొచ్చి మళ్లీ రంగుల దగ్గరికే వెళ్లిపోతే, అతనికి ఇష్టం రంగులమీదే అని తేలుతుంది, అప్పుడు ఉద్యోగం చేసుకుంటూ కమిషన్లు పట్టుకోవడమే సరైన దారి.

ప్రింటర్ మాత్రం ఇప్పుడే వద్దు, డబ్బు సంగతి పక్కన పెట్టండి. ప్రింటర్లో పోసే ద్రవం రెజిన్, అది గట్టిపడకముందు చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వస్తే అది జన్మంతా ఉండిపోవచ్చు. దాని ఆవిరి పడుకునే గదిలో ఉండకూడదు, ప్రింటయిన బొమ్మని ఆల్కహాల్‌లో కడగాలి, చేతికి నైట్రైల్ తొడుగులుండాలి, ఎండిన బొమ్మని రుద్దేటప్పుడు ధూళి లేవకుండా నీళ్లలో తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి. అతని బల్లా మంచం ఒకే గదిలో ఉన్నాయని ఫొటోలోనే తెలుస్తోంది. మేడమీద కిటికీలున్న విడి గది చూపించగలిగిన రోజున కొనండి. అప్పటిదాకా ఫైలు పంపితే ప్రింట్ చేసిచ్చేవాళ్లున్నారు, పాతిక తలల్లో బాగున్న మూడింటిని వాళ్లచేత ప్రింట్ చేయించి, భుజంమీద గీతలు మిగల్చకుండా రంగులేసి ఆ ఫొటోలు నాకు పంపమనండి. ఇంకొకటి, బ్రష్షు మొన తేలడానికి నోట్లో పెట్టుకునే అలవాటుంటే ఈరోజే మాన్పించండి.