విదేశీ ఉక్కు మీద సుంకం: రెండు వైపులా లెక్కలు కట్టినవాడి జవాబు

ప్రశ్న అడిగినవారు జీడిమెట్లలో చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతున్నామని రాశారు. చైనా ఉక్కు చవకగా దిగుతోందని ప్రభుత్వం 12 శాతం సేఫ్‌గార్డ్ డ్యూటీ వేసింది, పెద్ద కంపెనీలను కాపాడటానికి మాలాంటివాళ్లం షీటుకి ఎక్కువ రేటు ఎందుకు కట్టాలి, పోనీ విశాఖ ఉక్కుకైనా దీనివల్ల మేలు జరుగుతుందా అన్నది వారి ప్రశ్న.

నేను కాస్ట్ అకౌంటెంట్‌ని. మొదట్లో ఒక పైపుల కంపెనీలో యాంటీ డంపింగ్ కేసుకి, అంటే విదేశీ సరుకు మరీ తక్కువ ధరకు వస్తోంది, సుంకం వేయండి అని అడిగే కేసుకి, కావలసిన లెక్కలు తయారుచేశాను. తర్వాత షీటు, ప్లేటు కొని యంత్రాల ఫ్రేములు చేసే ఒక యూనిట్‌కి మారాను. సుంకం కావాలని అడిగినవాళ్ల పక్కనా కూర్చున్నాను, దాని బరువు మోసినవాళ్ల పక్కనా కూర్చున్నాను. నా మటుకు సుంకం వేయడం తప్పని అనను. కానీ కాయిల్ (చుట్టగా చుట్టిన ఉక్కు రేకు), షీటు దగ్గరే కాపలా పెట్టి, వాటితో చేసే వస్తువులను గాలికి వదిలేస్తే మనం కాపాడింది సగమే.

ముందు ఒక చిక్కు విప్పాలి. మీరు చెప్పిన 12 శాతం డంపింగ్ మీద వేసిన సుంకం కాదు. యాంటీ డంపింగ్ వేయాలంటే ఫలానా దేశపు కంపెనీ తన ఊళ్లో అమ్మే ధర కంటే తక్కువకు మనకి అమ్ముతోందనీ, దానివల్లే మన పరిశ్రమ దెబ్బతిన్నదనీ నిరూపించాలి. సేఫ్‌గార్డ్‌కి ఆ మోసం నిరూపించనక్కర్లేదు. దిగుమతులు ఒక్కసారిగా పెరిగి ఇక్కడి తయారీదారులకు తీవ్రమైన నష్టం జరిగింది, లేదా జరగబోతోంది అని చూపిస్తే చాలు. అందుకే ఆ డ్యూటీ చైనాతో ఆగలేదు, కొరియా, జపాన్ సరుకు మీద కూడా పడింది.

కొరియా, జపాన్ సంగతి చాలామంది మర్చిపోతారు. మామూలుగా ఉక్కు దిగుమతి మీద 7.5 శాతం కస్టమ్స్ సుంకం ఉంది. కానీ కొరియాతో 2010 నుంచి, జపాన్‌తో 2011 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందాల వల్ల అక్కడి ఉక్కు ఆ సుంకం లేకుండానే వస్తుంది. 2024-25లో మన దేశానికి దాదాపు 95 లక్షల టన్నుల తయారైన ఉక్కు దిగుమతి అయింది. అందులో చైనాతో పాటు ఈ రెండు దేశాల వాటా కూడా పెద్దదే. "చైనా ఉక్కు" అని మనం నోటివాటంగా అంటున్నాం గానీ బిల్ ఆఫ్ ఎంట్రీలు, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి కాగితాలు, తిరగేస్తే వేరే ఊళ్ల పేర్లు బోలెడు కనిపిస్తాయి.

అలాగని చైనా ప్రమేయం లేదని కాదు. ప్రపంచంలో తయారయ్యే ఉక్కులో సగానికి పైగా అక్కడిదే. 2021 తర్వాత అక్కడ ఇళ్ల నిర్మాణం కుదేలైంది, మిల్లులు మాత్రం ఆగలేదు. 2024లో ఒక్క చైనా ఎగుమతే 11 కోట్ల టన్నులు. ఆ ఏడాది మన దేశం మొత్తం తయారు చేసింది దాదాపు 15 కోట్లు. అమెరికా 2018లోనే ఉక్కు మీద 25 శాతం సుంకం వేసి, 2025 జూన్‌లో దాన్ని 50 శాతం చేసింది. యూరప్ కూడా కోటాలు పెట్టుకుంది. అక్కడ తలుపులు మూసుకున్న సరుకు ఎక్కడో ఒక రేవులో దిగాలి కదా.

2024-25లో మన వాడకం 15 కోట్ల టన్నులు, దిగుమతి కోటి కూడా లేదు, ఈ మాత్రానికి ఇంత గోలా అని మీకు అనిపించవచ్చు. ఉక్కు వ్యాపారంలో ధర తేల్చేది ఆ చివరి కొంచెమే. డీలర్ దగ్గరికి వెళ్లి "ఇంపోర్ట్ కాయిల్ ఇంతకు దొరుకుతోంది" అంటే దేశీ మిల్లు కూడా ఆ రేటు దగ్గరికి దిగాల్సిందే. వచ్చేది ఆరు టన్నులైనా మిగతా తొంభైనాలుగు టన్నుల ధరనూ అదే లాగుతుంది. పైపుల కంపెనీలో ఉన్నప్పుడు నేను చూసింది ఇదే. అమ్మకాలు పెద్దగా తగ్గలేదు, టన్ను మీద మిగిలేది మాత్రం కరిగిపోయింది.

ఇది రెండో వైపు నుంచి కూడా పనిచేస్తుంది. సుంకం పడగానే దేశీ మిల్లు కూడా దిగుమతి ధర పెరిగినంత మేర తన రేటు పెంచుకోగలదు. మీరు ఇంపోర్ట్ షీటు ఒక్కటి కూడా కొనకపోయినా భారం మీ మీద పడేది ఇలాగే. మీ కోపంలో న్యాయం ఉంది.

ఇక కేసు ఎలా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే ఇది ఢిల్లీలో ఎవరో పెద్దలు మాట్లాడుకుని తేల్చేస్తారని అందరూ అనుకుంటారు. దర్యాప్తు చేసేది వాణిజ్య శాఖ కింద ఉండే డీజీటీఆర్. అది సిఫార్సు మాత్రమే చేస్తుంది, సుంకం వేయాలా వద్దా అన్నది ఆర్థిక శాఖ ఇష్టం. యాంటీ డంపింగ్ కేసులో రెండు లెక్కలు కడతారు. ఉదాహరణకి విదేశీ కంపెనీ తన దేశంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర 600 డాలర్లకు అమ్ముతూ, మనకి పంపే సరుకును రవాణా, బీమా, కమీషన్ అన్నీ తీసేస్తే 520కి ఇస్తోందనుకోండి. తేడా 80. ఆ సరుకు ఇక్కడ దిగేసరికి 560 పడుతోంది, మన తయారీదారు నష్టం లేకుండా అమ్మగల ధర 610 అని తేలిందనుకోండి. ఆ తేడా 50. ఈ రెండింటిలో తక్కువైన 50 డాలర్లే సుంకం. అడిగినంతా ఇవ్వరు.

ఆ 610 తేల్చడం దగ్గరే అసలు పోరాటం. విద్యుత్తు, బొగ్గు, జీతాలు, తరుగు అన్నీ ఆ ఒక్క ఉత్పత్తికి విడదీసి చూపించాలి. అధికారులు ఫ్యాక్టరీకి వచ్చి వోచర్లు, స్టాకు రిజిస్టర్లు తిరగేస్తారు. ఏ ఖర్చు ఎందుకు కలిపావో చెప్పలేకపోతే కొట్టేస్తారు. దాని మీద పెట్టుబడికి 22 శాతం రాబడి కలిపి ధర కడతారు. అప్పట్లో మా కంపెనీకి అది తీపిగానే ఉండేది. యూనిట్‌కి మారాక చూస్తే ఎక్కువేననిపించింది, ఇప్పటికీ నా మాట అదే. మంచి రోజుల్లో కూడా ఉక్కులో అంత రాబడి ప్రతి ఏడాదీ చేతికొచ్చేవాళ్లు ఎంతమంది?

ఇంకో సంగతి. కంపెనీ ఇచ్చిన అసలు అంకెలు రహస్యం. కొనేవాళ్లకి కనిపించే కాపీలో మొదటి ఏడాది 100, తర్వాత 96, 88 అంటూ సూచీలే ఉంటాయి. వ్యాపార రహస్యాలు కాపాడాలి, నిజమే, కానీ ఆ కాగితం చూసి చిన్న యూనిట్ వాడు ఏం వాదిస్తాడు?

2025 సేఫ్‌గార్డ్‌లో నాకు నచ్చిన అంశం ఒకటుంది. ఏప్రిల్ 21న తాత్కాలికంగా 200 రోజులకు వేసినప్పుడే ధర గీత గీశారు. ఉదాహరణకి హాట్ రోల్డ్ కాయిల్ టన్ను 675 డాలర్లకు, లేదా అంతకంటే ఎక్కువకు దిగితే ఆ డ్యూటీ వర్తించదు. మరీ చవక సరుకు మీదే దెబ్బ. ఆ ఏడాది డిసెంబర్ చివర్లో దీన్ని మూడేళ్లకు ఖరారు చేశారు: మొదటి ఏడాది 12 శాతం, తర్వాత 11.5, ఆ తర్వాత 11. తగ్గుతూ పోవడం మంచిదే, కానీ ఇంత నిదానంగా తగ్గితే మిల్లులకి తొందర ఏముంటుంది?

ప్రభుత్వం ఎప్పుడూ మిల్లుల పక్షమే అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2016 ఫిబ్రవరిలో 173 రకాల ఉక్కు ఉత్పత్తులకు కనీస దిగుమతి ధర (అంతకంటే తక్కువకు తేకూడదన్న గీత) పెట్టారు, అది మిల్లుల పక్షమే. కానీ తర్వాత జరిగింది చూడండి. 2021 బడ్జెట్లో, ఉక్కు ధరలు మండిపోతున్నాయని చిన్న పరిశ్రమలు మొత్తుకుంటే, దిగుమతి సుంకం తగ్గించి కొన్ని యాంటీ డంపింగ్ సుంకాలు ఎత్తేశారు. 2022 మేలో ఏకంగా ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసి, నవంబర్‌లో తీసేశారు. ఆ రోజుల్లో మేం కొటేషన్ ఇచ్చి ఆర్డర్ వచ్చేలోపు ప్లేటు రేటు మారిపోయేది. సుంకం ఎంత అన్నదానికంటే ఎప్పుడు వేస్తారో ఎప్పుడు తీస్తారో తెలియకపోవడమే పెద్ద టెన్షన్.

విశాఖ ఉక్కు విషయానికొస్తే, నేరుగా లాభం లేదు. ఈ డ్యూటీ కాయిల్, షీటు, ప్లేటు లాంటి ఫ్లాట్ సరుకు మీద. విశాఖ చేసేది ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిల్స్, బీములు. దాని కష్టాలు వేరు: సొంత ఇనుప గనులు లేవు, అప్పులు పేరుకుపోయాయి, 2024లో కొన్నాళ్లు మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒకటే నడిచింది. 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ వాటి కోసమే. సుంకం పేరు చెప్పి "విశాఖను కాపాడుతున్నాం" అనేవాళ్లని ఈ తేడా అడగండి.

ఇప్పుడు నేను మొదట చెప్పిన సగం సంగతి. షీటు మీద సుంకం వేస్తే అదే షీటుతో చేసిన బ్రాకెట్, యంత్రభాగం లాంటి ఉక్కు వస్తువు బయటి నుంచి చవకగా దిగుతుంది. ఒక మడికి గట్టు వేస్తే నీళ్లు పక్క మడిలోకి వెళ్లినట్టు. మేం చేసే ఫ్రేముకి పోటీగా పూర్తిగా బిగించిన యంత్రమే దిగుమతైతే మా షీటు రేటు పెరిగిందన్న వాదన వినేవాడు ఎవడు? 2024 జనవరిలో కొన్ని రకాల స్క్రూలకు కిలో 129 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టారు. అలాంటి చర్యలు ఇంకా కావాలి. పెద్ద మిల్లులకు సంఘాలున్నాయి, లాయర్లున్నారు. ఈసారి సేఫ్‌గార్డ్ కోసం దరఖాస్తు పెట్టింది కూడా ఇండియన్ స్టీల్ అసోసియేషనే. మన వైపు ఎవరు పెడతారు?

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. డీజీటీఆర్ కొత్త దర్యాప్తు మొదలుపెడుతూ నోటీసు ఇస్తుంది. కొనేవాళ్లు కూడా అందులో పార్టీగా నమోదు చేసుకోవచ్చు, సాధారణంగా గడువు 30 రోజులు. ఒక్కరే కాకుండా మీ పారిశ్రామికవాడ సంఘం తరఫున వెళ్లండి. "మేం నష్టపోతాం" అని ఉత్తరం రాస్తే పక్కన పడేస్తారు. మీ వస్తువు ఖర్చులో ఉక్కు ఎంత శాతం, డ్యూటీకి ముందు తర్వాత కొన్న ఇన్‌వాయిస్‌లు, పోగొట్టుకున్న ఆర్డర్లు, అదే వస్తువు దిగుమతి ధర ఇవన్నీ పెట్టండి. మీది ఎగుమతి వ్యాపారమైతే అడ్వాన్స్ ఆథరైజేషన్ (ఎగుమతి వస్తువుల కోసం ముడిసరుకును సుంకం లేకుండా తెచ్చుకునే అనుమతి) కింద తెచ్చుకునే ముడిసరుకుకి ఈ డ్యూటీ నుంచి మినహాయింపు ఉంటుందేమో మీ కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడండి. ఆరు నెలలు దాటే ఆర్డర్లలో మాత్రం ఉక్కు ధర మారితే మీ రేటూ మారేలా ఒక షరతు రాయించుకోండి. కొనుగోలుదారు మొదట ఒప్పుకోడు, డ్యూటీ నోటిఫికేషన్ కాపీ ముందు పెడితే కాస్త దిగొస్తాడు.