సూపర్ డెలిగేట్లు జనం తీర్పును మార్చగలరా?

ప్రశ్న: అమెరికా డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీల్లో (అధ్యక్ష అభ్యర్థి కోసం రాష్ట్రాల వారీగా జరిగే ఎన్నికల్లో) జనం ఒకరిని గెలిపిస్తే, సూపర్ డెలిగేట్ల (పదవి వల్లే ఓటు దక్కే పార్టీ నేతల) ఓట్లతో పార్టీ పెద్దలు ఇంకొకరిని అభ్యర్థిగా నిలబెట్టగలరా?

జవాబు: అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ జాతీయ మహాసభలో, మొదటి రౌండు ఓటింగులో కుదరదు. 2018లో నిబంధన మార్చారు. ప్రైమరీల ద్వారా వచ్చిన డెలిగేట్లలో (మహాసభలో ఓటేసే ప్రతినిధుల్లో) ఎవరికీ సగానికి మించి దక్కకపోతేనే, రెండో రౌండు నుంచి గవర్నర్లు, ఎంపీలు, పార్టీ జాతీయ కమిటీ సభ్యుల ఓటు పనిచేస్తుంది. పోటీదారులు ఎక్కువై డెలిగేట్లు చీలిపోతే పెద్దల చేతికి మళ్లీ పగ్గాలు వస్తాయి.

ఈ మార్పు ఊరికే రాలేదు. 2016లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో బెర్నీ శాండర్స్ 60 శాతం ఓట్లతో 15 మంది డెలిగేట్లను గెలిచారు, ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్‌కు 9 మందే. ఆరుగురు సూపర్ డెలిగేట్లు ఆమె వైపు నిలవడంతో లెక్క 15-15 అయింది! శాండర్స్ కార్యకర్తల కడుపుమంట న్యాయమైనదే. అయితే దేశం మొత్తం మీద ప్రైమరీ ఓట్లలోనూ క్లింటన్‌దే పైచేయి.

సూపర్ డెలిగేట్ల కన్నా ఉద్యమకారుల అభ్యర్థులను ఎక్కువగా దెబ్బతీసేది 15 శాతం ఓట్ల గీత. రాష్ట్రంలో అంతకు తగ్గితే రాష్ట్రస్థాయి డెలిగేట్ ఒక్కరూ దక్కరు. కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఈ లెక్క విడిగా వేస్తారు కాబట్టి, బలమున్న చోట ముందుగా ఇల్లిల్లూ తిరగడమే మేలు.