1841, 1851 ఐర్లాండ్ జనగణన పత్రాలు ఎక్కడా దొరకట్లేదన్న ప్రశ్నకు

1840లలో ఐర్లాండ్‌లో వచ్చిన మహా కరువుకు ముందు, తర్వాత అక్కడి మేయో కౌంటీలో ఒక ఊరు ఎలా మారిందో చూపించాలి, కానీ ఇంటింటి జనగణన పత్రాలు దొరకట్లేదన్నారు కదా. ఇక వెతకడం ఆపేయండి, లేవు. 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు డబ్లిన్‌లోని రికార్డు ఆఫీసు తగలబడి, 1821 నుంచి 1851 దాకా ఉన్నవి దాదాపు అన్నీ పోయాయి. (1861 నుంచి 1891 దాకా తీసినవి మాత్రం అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది, వాటినీ మంటల ఖాతాలో వేసి థీసిస్‌లో రాయకండి, గైడ్ పట్టుకుంటారు.)

అయినా టెన్షన్ పడక్కర్లేదు. పేర్లు పోయాయి గానీ అచ్చయిన నివేదికలు మిగిలాయి. 1851 నివేదికలో ఒక్కో టౌన్‌ల్యాండ్‌కి (ఐర్లాండ్‌లో భూమి లెక్కకు అతి చిన్న విభాగం) 1841లో ఎంతమంది జనం, ఎన్ని ఇళ్లు, 1851కి ఎంత అన్నది పక్కపక్కనే ఉంటుంది, మీ వాదనకు అదే వెన్నెముక. పేర్ల కోసం 1823-37 నాటి టైత్ పుస్తకాలు (చర్చి పన్ను కోసం భూమి సాగుచేసేవాళ్ల పేర్లు రాసినవి), 1847-64 మధ్య వచ్చిన గ్రిఫిత్ వాల్యుయేషన్ (పన్ను కోసం భూములు, ఇళ్లకు విలువ కట్టిన జాబితా) పోల్చండి, రెండూ ఆన్‌లైన్‌లో ఉచితమే. అయితే టైత్ పుస్తకాల్లో భూమి లేని కూలీలు ఉండరు, కరువు ఎక్కువగా మింగింది వాళ్లనే. పైగా ఒక పేరు రెండో జాబితాలో లేదంటే ఆ మనిషి చనిపోయినట్టు కాదు, భూస్వామి ఖాళీ చేయించి ఉండొచ్చు, ఓడెక్కి అమెరికా వెళ్లి ఉండొచ్చు.

జనం జ్ఞాపకాలు కావాలంటే 1937-39లో బడిపిల్లలు పెద్దవాళ్లను అడిగి రాసిన స్కూల్స్ కలెక్షన్ దూకస్ (dúchas.ie) అనే ఐరిష్ జానపద సేకరణల సైట్‌లో చదవండి, కానీ అవి తొంభై ఏళ్ల తర్వాతి మాటలు, అంకెలకు వాడకండి.