ఫ్రెడ్డీ ముఖం గురించి రాసేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి,

'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' అనే హారర్ సినిమాలో కాలిన ముఖంతో, టోపీతో కనిపించే హంతకుడు ఫ్రెడ్డీ క్రూగర్‌కి రీమేక్‌లో వేసిన మేకప్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. "భయంకరంగా ఉంది", "పాతదే మేలు" అని పేజీ పేజీకీ రాశావు. అవి నీ అభిప్రాయాలు. ముఖానికి ఏం అతికించారో, అది ఎలా కదిలిందో ఎక్కడా లేదు.

1984 నాటి అసలు సినిమాలో మేకప్ కళాకారుడు డేవిడ్ మిల్లర్, ఫ్రెడ్డీ వేషం వేసిన రాబర్ట్ ఇంగ్లండ్ ముఖానికి ఫోమ్ లేటెక్స్‌ను విడివిడి ముక్కలుగా అతికించాడు. మెత్తటి, తేలికైన పదార్థం. నటుడు నవ్వితే అదీ మడత పడుతుంది. వెలుగు మాత్రం లోపలికి దిగదు కాబట్టి ఎక్కువ లైటు పడితే రంగేసిన బొమ్మలా కనిపిస్తుంది. టోపీ అంచు నీడ ఊరికే పెట్టింది కాదు మరి.

2010 రీమేక్‌లో మేకప్ చేసిన ఆండ్రూ క్లెమెంట్ నిజమైన కాలిన మచ్చల దారి పట్టాడు. పాత మచ్చ చర్మాన్ని బిగలాగేస్తుంది, ముక్కూ కనుబొమలూ చదునవుతాయి. వైద్యపరంగా సరైనదే. కానీ అందులో ఫ్రెడ్డీగా నటించిన జాకీ ఎర్ల్ హేలీ వెటకారం పలికించడానికి ముఖంలో మిగిలిందేమిటి? నా లెక్కలో రీమేక్ దెబ్బతిన్నది ఇక్కడే. ఇంకో సంగతి, మేకప్‌తో ముఖానికి కలపగలం గానీ తీసేయలేం. అందుకే బుగ్గలో గుంటకు కంప్యూటర్ సాయం కావాల్సి వచ్చింది.

మేకప్ వర్క్‌షాపుకి వెళ్తే ముందు అతికించిన ముక్కల అంచులు చూడు. టిష్యూ కాగితమంత పల్చగా ఉండాలి. నోటి మూలలు, ముక్కు పక్క మడతలే ముందు లేస్తాయి, కదలికా చెమటా అక్కడే ఎక్కువ. లేచిన చోట ఆల్కహాల్‌తో తుడిచి, సన్నటి బ్రష్‌తో ప్రోస్-ఎయిడ్ జిగురు రాస్తారు. తెల్లటి జిగురు పారదర్శకమయ్యాకే నొక్కాలి, తొందరపడితే తడి లోపలే ఉండిపోయి మళ్లీ ఊడుతుంది. ఫోమ్ మీద వేసే రంగు అదే జిగురులో యాక్రిలిక్ సమపాళ్లలో కలిపింది, పాక్స్ అంటారు. ముక్కల్ని ఫోమ్‌తో కాక రబ్బరులాంటి సిలికాన్‌తో చేస్తే, దాని మీద పాక్స్ పొరలా లేచిపోతుంది. అందుకని సిలికాన్‌లోనే రంగు కలిపి పోత పోసి, పైన ఆల్కహాల్ రంగులు పల్చగా వేస్తారు.

'హాలోవీన్' సినిమాలో హంతకుడు మైకేల్ మయర్స్ మాస్కును ఇదే తక్కెడలో తూచకు. 1978లో ఆ సినిమా ప్రొడక్షన్ డిజైనర్ టామీ లీ వాలెస్ 'స్టార్ ట్రెక్' పాత్ర కెప్టెన్ కిర్క్ మాస్కు కొని, కనుబొమలూ చెంపల జుట్టూ పీకి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు స్ప్రే చేశాడు. అక్కడ హావభావం లేకపోవడమే పని.

1984, 2010 సినిమాలు రెండింట్లోనూ ఫ్రెడ్డీ నవ్వే క్లోజప్ ఒక్కొక్కటి తీసుకుని, సౌండ్ ఆపి పక్కపక్కన చూడు. నోటి మూల నుంచి కంటి కింద దాకా ఏది కదిలిందో, ఏది కదల్లేదో రాసి పంపు. మిగతా వ్యాసం ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య