జపాన్ వెళ్లాలంటే ఇంగ్లిష్ ఎంత రావాలి?

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం పెట్టే ఇన్‌స్పైర్ మానక్ పోటీలో తన ప్రాజెక్టు జాతీయ స్థాయికి వెళ్లింది. విదేశీ విద్యార్థులను కొద్దిరోజులు తమ దేశానికి పిలిచే జపాన్ వాళ్ల సకురా సైన్స్ కార్యక్రమం కింద జపాన్ పంపే అవకాశం ఉందంటున్నారు. ఇంగ్లిష్ సరిగా రాదని తనకు ఒకటే టెన్షన్. పైగా మేం శాకాహారులం. వారం రోజులు వెళ్లొస్తే పిల్లకు ఏం ఒరుగుతుంది?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: (ఈ వారం జవాబిస్తున్నది ఇదే కార్యక్రమంలో జపాన్ వెళ్లొచ్చిన ఆర్మూర్ ప్రాంత ఇంటర్ విద్యార్థిని)

ఆంటీ, నేనూ సర్కారు బడి నుంచే వెళ్లాను. మేం వెళ్లిన హైస్కూల్లో జపాన్ పిల్లలు కూడా కాగితం మీద రాసుకున్న ఇంగ్లిష్‌నే చూసి చదివారు. ఆ మాట చెల్లికి చెప్పండి, సగం భయం పోతుంది.

నా ప్రాజెక్టు పసుపు ఉడికించే పొయ్యి. మా దగ్గర పసుపు తవ్వాక కొమ్ములు ఉడకబెట్టి ఎండబోస్తారు. ఆ పనికి వెళ్లే మా అమ్మకు పొగతో కళ్లు మండిపోయేవి. అందుకే పొగ పైకి పోయేలా గొట్టం పెట్టి చేశాను. పాత పొయ్యికి ఎన్ని కట్టెలు పట్టాయి, కొత్తదానికి ఎన్ని అని తూకం వేసి నోట్‌బుక్‌లో రాశాను. జపాన్ బడిలో ఒకమ్మాయి ఆ పేజీలు తిప్పి, రెండు అంకెల మీద వేలు పెట్టి "వై?" అంది. గాలి ఎటు నుంచి లోపలికి పోతుందో బొమ్మ గీసి చూపించాను. వెంటనే వెళ్లి తన నోట్‌బుక్ తెచ్చింది. వాళ్ల ఊరి కాలువ నీటి కొలతలు, తేదీలతో సహా. ఆ తర్వాత మాకు టీచర్ల సాయం అక్కర్లేకపోయింది. జపాన్ విద్యాశాఖ 2002 నుంచి కొన్ని బడులను సూపర్ సైన్స్ హైస్కూళ్లుగా ఎంపిక చేసి పిల్లలతో ఇలాంటి పరిశోధనలు చేయిస్తోంది. కాబట్టి చెల్లి స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకం బట్టీ పట్టేకన్నా తన కొలతలు రాసిన పుస్తకం తీసుకెళ్లడం మేలు.

టోక్యోలోని మిరాయికాన్ మ్యూజియంలో ఆరు మీటర్ల భూగోళం వేలాడుతుంటుంది. దాని మీద ఉపగ్రహాలు పంపిన మేఘాలు కదులుతాయి. బాగుంది. కానీ నాకు ఎక్కువ గుర్తున్నది బడి ఊడ్చడం. అక్కడ అబ్బాయిలు, అమ్మాయిలు అందరూ చీపుర్లు, తడిగుడ్డలు పట్టుకుని తరగతి తుడుస్తారు. మా బడిలో ఊడ్చే పని ఎప్పుడూ ఆడపిల్లలదే. అది తప్పని నాకు అక్కడే గట్టిగా అనిపించింది. వచ్చాక మా హెడ్మాస్టర్ గారితో చెప్పాను, అబ్బాయిలకూ వంతులు వేశారు. ఏం ఒరుగుతుందని అడిగారు కదా, నాకైతే ఇది.

తిండి విషయంలో జాగ్రత్త. కూరగాయల సూప్ అన్నా అందులో ఎండు చేపతో చేసిన రసం ఉండొచ్చు. శాకాహారి అని టీచర్లకు ముందే రాసివ్వండి. అటుకులు, పొడులు సర్దండి. పండ్లు, మాంసం పచ్చళ్లు వద్దు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

విమాన ఖర్చు, బస నాకు కార్యక్రమం వాళ్లే చూసుకున్నారు. పాస్‌పోర్టు మాత్రం ఇప్పుడే చేయించండి. ఆధార్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉండి, బడి రికార్డులో పూర్తిగా ఉంటే ముందు దాన్ని సరిచేయించండి ఆంటీ. మాకు ఎక్కువ తిరుగుడు పడింది దానికే.