సమాధానం: టీసీఎఫ్7ఎల్2 జన్యువు కూడా తేలకపోతే ముందు ఐడీలు చూడండి

బయోబ్యాంక్ జన్యు డేటాను ఆసుపత్రి రికార్డులతో కలిపాక టైప్ 2 డయాబెటిస్‌కి ఒక్క సంకేతమూ రావట్లేదని, శాంపిల్ చిన్నదేమోనని అడిగారు. వేలల్లో కేసులు (డయాబెటిస్ ఉన్నవాళ్లు) ఉండి ఆర్‌ఎస్7903146 (టీసీఎఫ్7ఎల్2 జన్యువులో ఈ జబ్బుతో బలంగా ముడిపడిన మార్పు) కూడా కనబడలేదంటే నేను ముందు అనుమానించేది ఐడీల జతనే, అంటే ఒకరి జన్యు డేటా ఇంకొకరి రికార్డుకి కలిసిపోయిందేమోనని.

జన్యు డేటా విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ప్లింక్‌లో లింగ తనిఖీ నడపండి. ఎక్స్ క్రోమోజోమ్ ఎఫ్ విలువ (ప్రతులు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే అంకె) 0.2 లోపుంటే స్త్రీ, 0.8 దాటితే పురుషుడు. దాన్ని రికార్డుతో పోల్చండి. ఐడీలు కలగాపులగమైతే దాదాపు సగం మందికి లింగం తప్పుతుంది. రక్తం గ్రూపు నమోదై ఉంటే ఇంకా మంచిది: ఆర్‌ఎస్8176719లో (రక్తం గ్రూపును నిర్ణయించే ఏబీఓ జన్యువులోని మార్పు) రెండు ప్రతుల్లోనూ డిలీషన్ (ఒక అక్షరం లోపించడం) ఉన్నవాళ్లది ‘O’ గ్రూపు అయి ఉండాలి. ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారా? ఐడీ ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలైపోతాయి. ఆ కాలమ్‌ని మొదటినుంచీ టెక్స్ట్‌గానే చదివించండి.

జత సరిగ్గానే ఉంటే తప్పు కేసుల నిర్వచనంలో ఉంటుంది. టైప్ 2 డయాబెటిస్‌కి వేసే ఈ11 కోడ్ ఒక్కసారి పడితే చాలదు, షుగర్ పరీక్ష రాసివ్వడానికీ అదే కోడ్ వేస్తారు. వేర్వేరు తేదీల్లో రెండుసార్లు ఉండాలి, లేదా కోడ్‌తో పాటు హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5 శాతం, ఆపైన. కొన్ని ల్యాబులు అదే విలువను 48 మిల్లీమోల్/మోల్ అని ఇస్తాయి, యూనిట్ కాలమ్ చూడకుండా కలిపేయకండి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఆధారం కాదు, పీసీఓఎస్‌కీ (అండాశయాల హార్మోన్ సమస్య) ఇస్తారు. ఈ10 (టైప్ 1 డయాబెటిస్ కోడ్) ఉన్నవాళ్లను తీసేయండి.

కంట్రోల్స్‌లో (పోల్చడానికి తీసుకునే జబ్బు లేనివాళ్లలో) హెచ్‌బీఏ1సీ 5.7 శాతం దాటినవాళ్లు, అసలు షుగర్ పరీక్షే లేనివాళ్లు ఉండకూడదు.